కాంపౌండ్, టచప్ సీసా, గ్లూ పుల్లర్: కారు గీతలకు, చిన్న సొట్టలకు ఏది ఎంతవరకు పనికొస్తుంది

కారు మీద గీత పడితే అందరూ ముందు దాని పొడవు చూస్తారు. చూడాల్సింది లోతు. మూడడుగుల పొడవున్న గీత పావుగంటలో పోవచ్చు, అంగుళం గీత అసలు పోకపోవచ్చు. ఈ సమీక్షలో చూస్తున్న మూడు వస్తువులకూ, అంటే మెగ్వయర్స్ అల్టిమేట్ కాంపౌండ్, కంపెనీ రంగు టచప్ సీసా, గ్లూతో లాగే డెంట్ పుల్లర్ కిట్‌కు, మంచి పేరు వచ్చినా చెడ్డ పేరు వచ్చినా కారణం ఈ లోతే.

ఫ్యాక్టరీలో వేసిన పెయింట్ అన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్ల మధ్య ఉంటుంది. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, మొత్తం పెయింట్ రెండు వెంట్రుకల మందమే. అందులో పైనుండే పారదర్శకమైన క్లియర్ కోట్ 35 నుంచి 50 మైక్రాన్లు. దాని కింద రంగు, ఆ కింద ప్రైమర్, అన్నిటికన్నా అడుగున రేకు. కాంపౌండ్ గీతను పూడ్చదు. గీత చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీసి గీత అడుగుతో సమం చేస్తుంది. ఎండ నుంచి రంగును కాపాడేది కూడా ఆ క్లియర్ కోటే కాబట్టి అరగదీసిన ప్రతిసారీ ఆ రక్షణ కొంత తగ్గుతుంది. ఏటా షోరూమ్‌లో రబ్బింగ్ పాలిష్ కొట్టించడం మంచి అలవాటు కాదనడానికి కారణం ఇదే.

లోతు తెలుసుకోవడానికి పరికరమేమీ అక్కర్లేదు. గీతను తడపండి. నీళ్లు ఉన్నంతసేపు కనిపించకుండా పోయి, ఆరగానే మళ్లీ తేలితే అది క్లియర్ కోట్ దాటలేదు. తర్వాత గీతకు అడ్డంగా గోరు జరపండి. గోరు తగలకుండా జారిపోతే కాంపౌండ్ చాలు. కొద్దిగా తగిలితే గీత పలచబడుతుంది, కొన్ని కోణాల్లో మిగులుతుంది. లోపల తెల్లగానో బూడిద రంగులోనో కనిపిస్తే ప్రైమర్ దాకా, మెరిసే లోహం కనిపిస్తే రేకు దాకా దిగినట్టు. అక్కడ కాంపౌండ్‌తో పని లేదు.

ఇంకో రకం గీతలున్నాయి. నిజానికి అవి గీతలే కావు. గేటుకు రాసుకుంటే గేటు రంగు, గోడకు తగిలితే సున్నం, పక్క కారు బంపర్ తగిలితే నల్లటి ప్లాస్టిక్ మన పెయింట్ మీద అంటుకుంటాయి. ఆన్‌లైన్‌లో ఒక్క తుడుపుతో గీత మాయమైందని చూపించే వీడియోల్లో చాలావరకు ఇవే. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి చూడండి. మొండికేస్తే కాంపౌండ్ వాడండి. షెడ్డులో వాడే ఎన్‌సీ థిన్నర్ జోలికి పోవద్దు. కంపెనీ పెయింట్ సుమారు 140 డిగ్రీల వేడిలో గట్టిపడింది కాబట్టి ఒక్క తుడుపుకు తట్టుకోవచ్చు. షెడ్డులో మళ్లీ వేసిన పెయింట్‌ను ఆరబెట్టేది 60 డిగ్రీల దగ్గరే. థిన్నర్ తగిలితే అది మెత్తబడి గుడ్డకు అంటుకొస్తుంది.

ఇక కాంపౌండ్ సంగతి. మెగ్వయర్స్ 1901లో అమెరికాలో ఫర్నిచర్ పాలిష్‌తో మొదలైన సంస్థ. 2008లో 3ఎమ్ కంపెనీ దాన్ని కొనేసింది. అల్టిమేట్ కాంపౌండ్ 450 మిల్లీలీటర్ల సీసాలో వస్తుంది. చేత్తోగానీ డీఏ మెషీన్‌తోగానీ (ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే పాలిషింగ్ మెషీన్) వాడొచ్చు. దీని గొప్పతనం కోసే శక్తిలో కంటే, కోసిన తర్వాత మిగిల్చే ఉపరితలంలో ఉంది. పాతకాలపు ముతక రబ్బింగ్ పేస్టు గీతను తీసేస్తుంది కానీ ఆ చోటంతా పొగ పట్టినట్టు చేస్తుంది. ఇది తెలుపు, వెండి రంగుల మీద దాదాపు పూర్తి మెరుపుతోనే వదులుతుంది. నలుపు, ముదురు నీలం కార్ల మీద మాత్రం సన్నటి మసక మిగులుతుంది. దానికి వెనకాలే ఫినిషింగ్ పాలిష్ ఒకటి వాడక తప్పదు. కారంతా కాకుండా తలుపు పిడి కింద గోటి గీతలు మాత్రమే తీయాలంటే ఇదే కంపెనీ స్క్రాచ్‌ఎక్స్ చిన్న ట్యూబు సరిపోతుంది.

వాడే పద్ధతిలోనే ఫలితమంతా ఉంది. ముందు కారు షాంపూతో కడిగి ఆరబెట్టాలి. ఒక్క ఇసుక రేణువు మిగిలినా అది కాంపౌండ్‌తో కలిసి కొత్త గీతలు పెడుతుంది. బోరు నీటితో కడిగితే వెంటనే తుడవాలి, లేదంటే ఉప్పు మచ్చలు గట్టిపడతాయి. గీత పక్కనున్న నల్ల ప్లాస్టిక్‌కు, రబ్బరు బీడింగ్‌కు మాస్కింగ్ టేపు వేయండి. గరుకు ప్లాస్టిక్‌లో ఎండిన కాంపౌండ్ తెల్లగా ఉండిపోయి ఎంత రుద్దినా రాదు.

ఫోమ్ అప్లికేటర్ మీద శనగగింజంత చుక్కలు మూడు వేసి, అడుగు చదరం మేర మాత్రమే పని చేయండి. మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా, వేళ్లు సమంగా నొక్కి నిమిషం నుంచి రెండు నిమిషాలు రుద్దితే కాంపౌండ్ పలచటి పొరగా మారుతుంది. అప్పుడు శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టి చూడండి. ఇలా నాలుగు విడతల్లో పోని గీతను అంతటితో వదిలేయడమే మంచిది. వేలి కొనతో గీత మీదే గట్టిగా రుద్దితే అక్కడ చిన్న గుంట పడి, ఎండలో గీతకన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

నీడలో చేయాలి, రేకు చల్లగా ఉండాలి. మే నెలలో మధ్యాహ్నం బయట నిలిపిన బానెట్ మీద వేస్తే కాంపౌండ్ అర నిమిషంలో ఎండి పిండిలా రాలుతుంది, ఆ పిండి మళ్లీ గీస్తుంది. పొద్దున్నే చేసుకోవడం మేలు. డీఏ మెషీన్ ఉంటే ఐదంగుళాల ఫోమ్ ప్యాడ్, వేగం నాలుగు దగ్గర పెట్టి నెమ్మదిగా నడిపితే చేతికన్నా సమంగా వస్తుంది. ఉన్ని ప్యాడ్ బిగించిన రోటరీ మెషీన్, అంటే ప్యాడ్ ఊగకుండా ఒకేచోట గిరగిరా తిరిగేది, కొత్తవాళ్ల చేతికి వద్దు. తలుపు అంచుల్లో, బాడీ మడతల మీద పెయింట్ సహజంగానే పలచగా ఉంటుంది. రోటరీ మెషీన్ అక్కడ రెండు క్షణాలు ఆగితే చాలు, క్లియర్ కోట్ పోతుంది.

తుడిచిన గుడ్డకు కారు రంగు అంటుకుందా? కొన్ని కార్లలో, ముఖ్యంగా పాత తెలుపు, ఎరుపు కార్లలో, క్లియర్ కోట్ లేని ఒకే పొర పెయింట్ ఉంటుంది. వాటికి రంగు అంటడం మామూలే. క్లియర్ కోట్ ఉన్న కారుకు అంటితే మాత్రం అక్కడే ఆపేయాలి, రంగు పొర బయటపడిందని అర్థం. పని అయ్యాక వ్యాక్సో సీలెంటో వేయాలి. రక్షణ ఇచ్చేది కాంపౌండ్ కాదు.

టచప్ సీసా విషయంలో ఆశలు తగ్గించుకుని కొంటే నిరాశ ఉండదు. దాని అసలు పని తుప్పు ఆపడం. హైవే మీద లారీల వెనక నడిచే కార్లకు బానెట్ ముందంచున రాళ్లు తగిలి రేకు బయటపడుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంత ఊళ్లలో ఉప్పుగాలికి అది త్వరగా తుప్పు పట్టి, పెయింట్ కిందుగా పాకుతుంది. అలాంటి చోట వారం కూడా ఆలస్యం చేయొద్దు. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి దాని మీద గీతకు తొందరేమీ లేదు.

తెలుపు అంటే ఒక తెలుపు కాదు. మారుతి సుపీరియర్ వైట్ కోడ్ 26యూ, హోండా టఫెటా వైట్ ఎన్‌హెచ్578, టయోటా సూపర్ వైట్ 040. పక్కపక్కన పెడితే మూడూ వేరు. కోడ్ కారును బట్టి ఇంజిన్ గదిలో ప్లేటు మీదో, డ్రైవర్ వైపు తలుపు స్తంభం మీదో ఉంటుంది. అది చూసి కొనండి. కోడ్ లేకుండా అన్ని కార్లకూ పనికొస్తుందని అమ్మే పారదర్శక స్క్రాచ్ పెన్నులు కొనకండి. తడి చేసినట్టు గీతను కాసేపు కప్పుతాయి, నాలుగు కడుగుళ్లకు పచ్చబడతాయి లేదా ఊడిపోతాయి.

మూతకున్న బ్రష్ చాలా లావు. పళ్లపుల్ల మొనతోనో, 000 సైజు బ్రష్‌తోనో పెట్టాలి. తుప్పు చుక్క ఉంటే 400 నంబరు వాటర్ పేపర్ ముక్కతో గీకి, ఆల్కహాల్‌తో తుడిచి, రేకు మీద ముందు చుక్క ప్రైమర్ పెట్టాలి. రంగు ఆరినకొద్దీ కుంగుతుంది కాబట్టి అరగంట తేడాతో రెండు మూడు పలచటి పూతలు వేసి, చుట్టూ ఉన్న పెయింట్‌కన్నా రవ్వంత ఎత్తుకు తేవాలి. ఒకేసారి లావుగా వేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది. రంగు ఆరాక క్లియర్ వేసి, వారం ఆగి, పెన్సిల్ రబ్బరుకు అంటించిన 2500 నంబరు పేపర్‌తో తడిగా సమం చేసి, కాంపౌండ్ పట్టించాలి. సాదా తెలుపు మీద ఇలా చేసిన చుక్క రెండడుగుల దూరం నుంచి కంటికి ఆనదు. వెండి, బూడిద మెటాలిక్ రంగుల్లో అలా కుదరదు. స్ప్రే చేసినప్పుడు బల్లపరుపుగా పడుకునే లోహపు రేణువులు బ్రష్‌తో పెడితే చిందరవందరగా పడతాయి. కోడ్ సరైనదైనా ఒక వైపు నుంచి ముదురుగా కనిపిస్తుంది. ముత్యపు తెలుపులో మూడు పొరలుంటాయి, అది ఇంకా కష్టం.

గ్లూ పుల్లర్ కిట్‌కు తగిన సొట్టలు తక్కువే, కానీ ఆ కొద్దింటికీ బాగా పనిచేస్తుంది. సొట్ట గుండ్రంగా, లోతు లేకుండా, అంచుకూ మడతకూ దూరంగా ఉండాలి. పెయింట్ చిట్లి ఉండకూడదు. ఇవన్నీ ఉన్నా ఒకటి ముందే తేల్చుకోవాలి: ఆ ప్యానెల్ మీద ఎప్పుడైనా లప్పం పెట్టి రంగు వేశారా? వేసి ఉంటే, సొట్టకు గ్లూతో అంటించి లాగే ప్లాస్టిక్ ట్యాబ్‌తోపాటు (చిన్న బిళ్ల) పెయింట్ పెచ్చులుగా ఊడొస్తుంది. ఫ్రిజ్‌కు అంటించే పలచటి అయస్కాంతం గుడ్డలో చుట్టి పెట్టి చూడండి. పక్కన గట్టిగా పట్టి అక్కడ జారిపోతే కింద లప్పం ఉన్నట్టే. సెకండ్‌హ్యాండ్ కారైతే ఈ పరీక్ష తప్పనిసరి.

ఆల్కహాల్‌తో తుడిచాక, సొట్టకన్నా కొంచెం చిన్న ట్యాబ్‌కు వేడి గ్లూ పెట్టి అంటించి, అది చల్లబడేదాకా రెండు మూడు నిమిషాలు ఆగండి. వేడి రేకు మీద గ్లూ గట్టిపడదు, లాగితే ఉత్తదే చేతికొస్తుంది. తర్వాత బ్రిడ్జిని, అంటే సొట్టకు అటూ ఇటూ కాళ్లు ఆనించి ట్యాబ్‌ను పైకి లాగే చట్రాన్ని, తగిలించి దాని మరను కొద్దికొద్దిగా తిప్పాలి. మిగిలిన గ్లూను ఆల్కహాల్ చుక్కలు వేసి జారనివ్వాలి, పీకకూడదు. ఒక్క లాగుకు వచ్చేయాలన్న తొందరలో ఎక్కువ లాగితే రేకు బయటికి ఉబ్బుతుంది. అప్పుడు కిట్‌లోని నైలాన్ మొనతో మెల్లగా తట్టి దించాలి. నాలుగైదు విడతలు పడుతుంది. కిట్‌తో వచ్చే గ్లూ కడ్డీలు తరచూ నాసిరకంగా ఉంటాయి. డెంట్ పనికే అమ్మే కడ్డీలు విడిగా కొంటే పట్టు తేడా వెంటనే తెలుస్తుంది.

రబ్బరు సక్షన్ కప్పు పెద్ద, వెడల్పాటి సొట్టకే. నాణెమంత సొట్ట మీద దానికి పట్టే దొరకదు. హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి స్ప్రేతో చల్లార్చే చిట్కా సాగిపోయిన ఉక్కు రేకును వెనక్కి తేలేదు. బంపర్‌కు మాత్రం వేడినీళ్ల చిట్కా నిజమే. ప్లాస్టిక్ వేడికి మెత్తబడుతుంది, మరిగిన నీళ్లు పోసి, దళసరి గ్లవ్స్ వేసుకుని వెనక నుంచి నెట్టి, చన్నీళ్లు పోస్తే ఆకారం నిలుస్తుంది.

పార్కింగ్‌లో పక్క కారు తలుపు తగిలి పడిన కొనతేలిన చిన్న సొట్ట, బాడీ మడత మీద పడిన సొట్ట ఈ కిట్‌తో పోవు. వాటికి పెయింట్ చెడకుండా లోపలి నుంచి కడ్డీలతో నెట్టే పీడీఆర్ పనివాళ్ల దగ్గరికి వెళ్లాలి. పెయింట్ బాగున్న ప్యానెల్‌ను టింకరింగ్ షెడ్డుకు ఇచ్చి లప్పం పెట్టించడం చివరి మార్గంగా ఉంచుకోండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేసే ముందు కూడా లెక్క చూసుకోవాలి. ప్రతి క్లెయిమ్‌లో మన జేబు నుంచి పెట్టుకోవాల్సిన తప్పనిసరి కోత 1500 సీసీ లోపు కారుకు 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000. మామూలు పాలసీలో పెయింట్ సామగ్రి ఖర్చులో సగం తరుగుదల కింద పోతుంది. పైగా ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా 50 శాతానికి చేరిన నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆ ఒక్క సొట్టతో సున్నాకు పడుతుంది.