మాజీ సైనికుడి మెడల్స్‌కు బాక్స్ ఫ్రేము: ఏది కొనాలి, దుకాణంలో ఏం చెప్పి చేయించాలి

సుబేదారుగా రిటైరైన ఇంటిపెద్ద పోయాక ట్రంకుపెట్టె తెరిస్తే మెడల్స్, టోపీ బ్యాడ్జి, ఎన్‌సీసీ రోజుల విజిల్, కేరాఫ్ 56 ఏపీవో (సైనిక తపాలా చిరునామా) అని ఉన్న నీలం ఇన్‌లాండ్ ఉత్తరాలు ఒక్కచోటే దొరుకుతాయి. వీటిని గోడకు పెట్టుకోవడానికి బజారులో మూడు రకాలున్నాయి: ఆన్‌లైన్లో అమ్మే త్రికోణం పెట్టె, రెడీమేడ్ అక్రిలిక్ కేసు, ఫోటో ఫ్రేముల దుకాణంలో కొలతలిచ్చి చేయించుకునే లోతైన బాక్స్ ఫ్రేము. డబ్బు పెట్టదగ్గది మూడోదే. అదీ వెనక స్క్రూలు విప్పితే తెరుచుకునేలా కట్టించుకుంటేనే.

త్రికోణం పెట్టె అమెరికా పద్ధతికి చేసిన సరుకు. అక్కడ శవపేటిక మీది జెండాను త్రికోణంగా మడిచి కుటుంబానికి ఇస్తారు. మన మడత వేరు. కాషాయం, ఆకుపచ్చ పట్టీలను తెలుపు కిందికి మడిచి, ఆపైన రెండు పక్కల నుంచీ లోపలికి మడిస్తే అశోకచక్రం, దాంతోపాటు కొంచెం కాషాయం, కొంచెం ఆకుపచ్చ పైకి కనబడాలి. ఆ జెండాను త్రికోణంలో కుక్కితే చక్రం మడతల్లో పడిపోతుంది. అంత్యక్రియల్లో ఇంటివాళ్ల చేతికిచ్చిన జెండా ఉంటే దానికి విడిగా చదునైన పెట్టె చేయించండి. జెండా మీద అక్షరాలు వేయకూడదని ఫ్లాగ్ కోడ్ చెబుతుంది. మెడల్స్‌ను దానికే గుచ్చే పని కూడా పెట్టుకోవద్దు.

అక్రిలిక్ కేసు తేలిక, అద్దంలా సులువుగా పగలదు. కానీ గుడ్డతో తుడిచిన కొద్దీ గీతలు పడతాయి, దుమ్మునీ రిబ్బన్ నూలుపోగుల్నీ పట్టి లాగుతుంది. లోపలి కొలతలు మనకు తగ్గట్టు మార్చుకునే వీలుండదు.

ఇక బాక్స్ ఫ్రేము. దుకాణాల్లో మామూలుగా ఉండే చట్రం లోతు ముప్పావు అంగుళం లోపే. అందులో మెడల్స్ పెడితే అద్దానికి ఒత్తుకుంటాయి, వానాకాలం చెమ్మకు రిబ్బన్ అద్దానికి అంటుకుంటుంది. మెడల్స్ వరకే అయితే అద్దానికీ లోపలి బోర్డుకీ మధ్య ఒక అంగుళం చాలు. విజిల్, దాని తాడు (లాన్‌యార్డ్) కూడా పెట్టాలంటే అంగుళంన్నర. బెరే టోపీ పెట్టాలంటే నాలుగు అంగుళాలు కావాలి, అప్పుడది ఫ్రేము కాదు, అల్మారా. టోపీని విడిగా ఉంచి, దాని బ్యాడ్జి మాత్రం ఫ్రేములో పెట్టుకోవడం మంచిది. రిబ్బన్ వెడల్పు 32 మిల్లీమీటర్లు, మెడల్ అడ్డంగా 35, 36 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పడకుండా ఐదు పేర్చాలంటే ఎనిమిది అంగుళాలు కావాలి. ఫోటో, పేరు పలక కలుపుకుంటే 16×20 అంగుళాల సైజు సరిపోతుంది. వెనక హార్డ్‌బోర్డు వేయనివ్వద్దు, చెమ్మ పీల్చి వంగుతుంది. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల మరీ త్వరగా. నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, దానిమీద యాసిడ్ లేని మౌంట్ బోర్డు అడగండి.

ఎక్కువ ఫ్రేములు చెడేది జిగురు దగ్గర. పెద్దకర్మ నాటికి కావాలని తొందరపెడితే దుకాణంవాళ్లు మెడల్ వెనక ఫెవిక్విక్ చుక్క పెట్టి వెల్వెట్‌కు అంటించేస్తారు. మూసిన పెట్టెలో ఆ జిగురు ఆవిరి మెడల్ మీదా అద్దం లోపలా తెల్లటి పొరలా పేరుకుంటుంది. తర్వాత ఊడదీస్తే వెల్వెట్ పీచు మెడల్‌తోపాటే వస్తుంది, రిబ్బన్ మీద మరక ఉండిపోతుంది. మెడల్‌ను అసలు అంటించకూడదు. రిబ్బన్ పైభాగాన్ని బోర్డుకు సన్నటి దారంతో నాలుగు కుట్లు వేయాలి, మెడల్ కింద వేలాడుతూ ఉండాలి. బరువు ఎక్కువనిపిస్తే అంచు కింద రెండు చిన్న పిన్నులకు ప్లాస్టిక్ గొట్టం తొడిగి ఆనిస్తే చాలు. పెద్దకర్మకు ఫోటో ఒక్కటీ కట్టించుకుని, మెడల్స్ ఫ్రేముకు సంవత్సరీకం దాకా గడువు పెట్టుకోండి.

అంటించొద్దనడానికి ఇంకో కారణం ఉంది. మెడల్ అంచు చుట్టూ ఆయన సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ చిన్న అక్షరాల్లో కొట్టి ఉంటాయి. అది ఆయనదే అనడానికి ఆధారం ఆ అంచే. మనవడు అడిగితే తీసి చేతిలో పెట్టి చూపించగలగాలి. ఆ అంచును బ్రాసో లాంటి మెటల్ పాలిష్‌తో రుద్దితే అక్షరాలు అరిగిపోతాయి. పొడి మెత్తటి గుడ్డ చాలు, మెరుపు కోసం పాకులాడొద్దు.

వరస దుకాణంవాళ్లకు వదిలేయకూడదు. వాళ్లు పెద్దదీ మెరిసేదీ మధ్యలో పెడతారు. సైన్యంలో దేని స్థానం దానికుంది: గౌరవక్రమంలో పైది మనం చూసేటప్పుడు ఎడమ చివర, మిగతావి వరసగా కుడికి. సాహస పతకం ఉంటే అది మొదట. ఆపరేషన్ విజయ్, సైన్య సేవా మెడల్స్ లాంటివి సర్వీసు కాలం మెడల్స్ కన్నా ముందు. సర్వీసు కాలం మెడల్స్‌లో 20 ఏళ్లది ముందు, 9 ఏళ్లది తర్వాత. యూనిఫాంలో తీయించుకున్న పాత ఫోటో ఉంటే దాన్నే చూసి పేర్చండి. రిబ్బన్ పాడైతే కంటోన్మెంట్ వైపు మిలటరీ టైలర్ల దగ్గర కొత్తది దొరుకుతుంది, పాతది పారేయకుండా కవర్లో దాచండి.

ఫోటోను స్టూడియోలో బాగు చేయిస్తే రెండు చూసుకోవాలి. ఒకటి, తిరగబడిందేమో: మెడల్స్ ఆయన ఎడమ రొమ్ము మీద ఉండాలి. రెండు, భుజం మీది గుర్తు. సుబేదారుకు రెండు నక్షత్రాలు, కింద ఎరుపు పసుపు పట్టీ. కంప్యూటర్ మెరుగులు దిద్దేటప్పుడు నక్షత్రం ఒకటి మాయమైతే ఆయన్ని నాయబ్ సుబేదారును చేసినట్టే. రిబ్బన్ల రంగులు కూడా అలాగే మారిపోతాయి. పేరు పలకను ఇత్తడి మీద చెక్కించండి, స్టిక్కరు రెండు వేసవులకు అంచులు లేస్తుంది. ర్యాంకు, నంబరు పీపీవోలో (పెన్షన్ మంజూరు పత్రంలో) ఉన్నట్టే రాయించాలి. ఆనరరీ (గౌరవ) ర్యాంకు వచ్చి ఉంటే ఆ మాటతో సహా.

ఎన్‌సీసీ బెటాలియన్లో ఇన్‌స్ట్రక్టరుగా చేసినవాళ్ల ఫ్రేముల్లో ఆ భాగం ఎందుకో ఎప్పుడూ చిన్నదైపోతుంది. ఆయన్ని ఊళ్లో ఎక్కువమంది గుర్తుపెట్టుకునేది అక్కడే. అంగకు 30 అంగుళాలు, నిమిషానికి 120 అంగలు అని పేస్ స్టిక్ (అంగ కొలిచే కర్ర) పట్టుకుని తేజ్ చల్, అంటే క్విక్ మార్చ్, నేర్పిన మనిషి. విజిల్ నోటి దగ్గర నికెల్ పూత అరిగి ఇత్తడి బయటపడి ఉంటుంది. దానికి పాలిష్ పెట్టనివ్వకండి, ఎన్నో ఉదయాల పరేడ్ ఆ అరుగుదలలో ఉంది. క్యాంపులో కేడెట్లతో దిగిన గ్రూపు ఫోటో ఒకటి, పాయింట్ 22 ఫైరింగ్ టార్గెట్ కాగితం దొరికితే అది, వెనక సన్నగా ఎన్‌సీసీ జెండా మూడు రంగులు: ఎరుపు, ముదురు నీలం, లేత నీలం. ఫ్రేములో మూడో వంతు జాగా దీనికివ్వాలి.

ఉత్తరాల్లో ఒక్కటి చాలు. పిల్లల ఫీజు కట్టారా, అమ్మకు మందులు తెచ్చారా అని అడిగిన సాదాసీదా ఉత్తరం ఎంచుకోండి, ఆయన మనసెప్పుడూ ఇంటి మీదే ఉండేదని అదే చూపిస్తుంది. ఫ్రేములో కలర్ జిరాక్సు పెట్టి అసలుది కవర్లో ఉంచండి. వెలుతురుకు సిరా వెలిసిపోతుంది. డిశ్చార్జ్ బుక్, పీపీవో అసళ్లు మాత్రం ఫ్రేములోకి రాకూడదు, లామినేషన్ కూడా చేయించకూడదు. ఫ్యామిలీ పెన్షన్‌కు, ఈసీహెచ్ఎస్‌కు (మాజీ సైనికుల వైద్య పథకం), జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పనికి అమ్మగారికి అవి కావాలి.

ధర చట్రానికి రన్నింగ్ ఫుట్ లెక్కన, అద్దానికి చదరపు అడుగు లెక్కన వేస్తారు. కుట్టుపని కూలి విడిగా మాట్లాడుకోండి, బేరంలో ముందు ఎగిరిపోయేది అదే. ఎండ నేరుగా పడని గోడకు, రెండు మేకుల మీద, వెనక నాలుగు మూలల రబ్బరు బుడిపెలు పెట్టించి తగిలించండి. పూలదండ ఈ ఫ్రేముకు వేయొద్దు, నీళ్లు కింది చట్రంలోకి దిగుతాయి. దండకు ఫోటో వేరే ఉంది కదా. వానాకాలం పోయాక ఏటా ఒకసారి వెనక స్క్రూలు విప్పి చూసి, సిలికా జెల్ పొట్లం మార్చి మళ్లీ బిగించండి.