ఇథియోపియాకు తీసుకెళ్దామని కొన్న ఫ్లోరైడ్ కిట్: మూడు స్టార్లు

సర్వీస్ లెర్నింగ్ కింద, అంటే చదువులో భాగంగా చేసే సేవ కింద, మా సివిల్ ఇంజినీరింగ్ బ్యాచ్‌లో కొంతమందిని ఇథియోపియా పంపుతున్నారు. రిఫ్ట్ లోయలో ఒక పల్లె బడి, చుట్టుపక్కల బోరు నీళ్ల పరీక్ష మా పని. అందుకే ఈ కిట్ కొన్నాను. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్ల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, ఇంటి వెనక పాత బోరు ఉంది. భగీరథ నల్లా వచ్చాక ఆ నీళ్లు బర్రెలకే.

వాడటం సులువు. గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి, జిర్కోనియం జైలినాల్ ఆరెంజ్ మందు కలిపి, రంగును కార్డుతో పోల్చాలి. ఫ్లోరైడ్ లేకపోతే గులాబీ, పెరిగేకొద్దీ పసుపు. మా బోరు నీళ్లకు కార్డు లీటరుకు 3 మిల్లీగ్రాములు చూపించింది, కాలేజీ ల్యాబ్‌లో ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ కూడా దాదాపు అంతే చెప్పింది. పక్కన కూర్చున్న నాయనమ్మ "పసుపు అయ్యిందంటే మన నీళ్లేనే పిల్లా" అని తేల్చేసింది.

తాగే నీళ్లకు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు హద్దు. కార్డులో 1కీ 1.5కీ రంగు తేడా ట్యూబ్‌లైట్ కింద అస్సలు తెలియదు. ఎండలో కాస్త నయం.

అసలు ఇబ్బంది వేరే. బకెట్ నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను మడ్డితో పాటు కిందికి దించే పద్ధతికి నీరీ (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మా జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. దాన్ని రిఫ్ట్ లోయలోనూ వాడి చూశారు. మేం వెళ్లి అక్కడివాళ్లకు నేర్పుతామని ప్రోగ్రామ్ కాగితంలో రాశారు గానీ, నా ఆశ అది కాదు. ఆ బకెట్లు వాడిన ఆడవాళ్లు దొరికితే వాళ్ల దగ్గర కూర్చోవాలి. రోజూ పటిక కొలవడం, మడ్డి పారబోయడం ఎవరికి ఓపికని మా అమ్మ అంటుంది. వాళ్లేమంటారో వినాలి, వాళ్ల నీళ్లు వాళ్ల ముందే పరీక్షించి చూపించాలి.

సరిగ్గా అక్కడే ఈ కిట్ పనికిరాదు. అదే బోరు నీళ్లను పటికతో తేర్చి చూస్తే కిట్ 1 లోపే అంది, ఎలక్ట్రోడ్ 2 దగ్గర ఆగింది. పటిక నుంచి నీళ్లలో మిగిలిన అల్యూమినియం, అక్కడున్న ఫ్లోరైడ్‌ను పట్టేసుకుంటే మందు రంగు మారదు. ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. బాగయ్యాయనుకుని తాగేస్తారు! ఈ ముక్క డబ్బా మీద ఎక్కడా లేదు.

బోరు నీళ్ల వరకైతే ధైర్యంగా కొనండి. పటిక నీళ్లను మాత్రం ప్లాస్టిక్ సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపండి, గాజు సీసా వద్దు. ఇంకో సంగతి, మందులో యాసిడ్ ఉంది. విమానంలో పంపాలంటే సేఫ్టీ షీట్ అడుగుతున్నారు. అమ్మినాయన "రేపు పంపిస్తానమ్మా" అంటూనే ఉన్నాడు. అది వస్తే నాలుగో స్టార్ ఇస్తాను.