మకా నియు, డీప్ఐ: చేత్తో దించే లోతు సముద్రపు కెమెరాలు ఎంతవరకు నమ్మొచ్చు?

లోతు సముద్రపు అడుగులో ఇంతవరకు కెమెరాకు చిక్కింది 0.001 శాతం లోపేనని 2025లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. ఆ కాస్తలోనూ ఎక్కువ భాగం అమెరికా, జపాన్, న్యూజిలాండ్‌ల నుంచి 200 నాటికల్ మైళ్ల లోపలిదే. పెద్ద నౌక, ఆర్‌ఓవీ (నౌక నుంచి నడిపే మనుషుల్లేని నీటి అడుగు వాహనం), దాన్ని నడిపే సిబ్బంది కలిస్తే రోజు ఖర్చు పదుల వేల డాలర్లలో ఉంటుంది మరి. చిన్న పడవ మీంచి తాడు కట్టి దించే కెమెరా వస్తే ఈ లెక్కే మారిపోతుంది. అలాంటివి రెండు ఇక్కడ చూద్దాం: 1500 మీటర్ల కోసం చేసిన మకా నియు, 5500 మీటర్ల దాకా తట్టుకునేలా ఎపాక్సీలో (ద్రవంగా పోస్తే గట్టిపడే రెసిన్‌లో) పోతపోసిన డీప్ఐ. రెండింటి లోపలా ఉన్నది రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న చవక కంప్యూటర్, దాని చిన్న కెమెరానే.

బొమ్మ నాణ్యత గురించి బెంగ అక్కర్లేదు. 8 మెగాపిక్సెల్ సెన్సర్ ఈ పనికి ధారాళంగా సరిపోతుంది. ఇలాంటి కిట్ సొంతంగా కట్టుకునేవాళ్లు మంచి కెమెరా మీద డబ్బు పోసి, సీలు, అద్దం, లైటు దగ్గర పిసినారితనం చూపిస్తారు. దెబ్బతినేది అక్కడే.

ముందు కెమెరాను గాలి నిండిన గొట్టంలో పెట్టి మూత బిగించే పద్ధతి చూద్దాం. 1500 మీటర్ల దగ్గర ఒత్తిడి సుమారు 150 బార్లు, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 150 రెట్లు. 5 సెంటీమీటర్ల వ్యాసమున్న కిటికీ అద్దం మీద పడే బరువు మూడు టన్నులు. అద్దం ఆనే లోహపు అంచు చదునుగా, శుభ్రంగా లేకపోతే ఎంత మందం అద్దమైనా అంచు దగ్గర పగులుతుంది. అద్దం సంగతి తర్వాత ఓ-రింగ్, అంటే మూత దగ్గర నీళ్లు రాకుండా ఆపే రబ్బరు వలయం. ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు చాలు నీళ్లు రావడానికి. ప్రతిసారీ గాడిని నూలు రాలని గుడ్డతో తుడిచి, రింగుకి సిలికాన్ గ్రీజు మెరుపు కనిపించేంత పల్చగా రాయాలి (రింగు సిలికాన్‌దే అయితే ఆ గ్రీజు వాడకూడదు, ఉబ్బిపోతుంది). మూత బిగించాక హ్యాండ్ పంపుతో 10 అంగుళాల పాదరసం మేర గాలి లాగి, 15 నిమిషాలు ముల్లు కదలకుండా ఉందో లేదో చూడాలి. ఈ పరీక్ష సీలు గురించే చెబుతుంది, గొట్టం బలం గురించి ఏమీ చెప్పదు. అందుకే మొదటిసారి కెమెరా తీసేసి, లోపల పొడి టిష్యూ కాగితం పెట్టి, ఖాళీ గొట్టాన్ని పూర్తి లోతుకు పంపాలి.

ఎపాక్సీ పద్ధతికి ఈ తలనొప్పులు లేవు. లోపల గాలే లేనప్పుడు నలిగేదేముంది? అయితే బోర్డు మీది క్రిస్టల్ ఆసిలేటర్, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లాంటి బోలు భాగాలు ఒత్తిడికి కుంగి చచ్చిపోతాయి. లెన్స్‌కీ సెన్సర్‌కీ మధ్య ఎపాక్సీ దూరిందంటే ఫోకస్ గల్లంతు. ఒకేసారి మందంగా పోస్తే గట్టిపడేటప్పుడు వేడెక్కి పగుళ్లు, బుడగలు వస్తాయి. పల్చని పొరలుగా, వాక్యూమ్‌లో బుడగలు తీసేసి పోయాలి. పోశాక మెమరీ కార్డు కూడా బయటికి రాదు, ఫైళ్లన్నీ కేబుల్ మీదే తెచ్చుకోవాలి. రిపేరు మాటే లేదు. లోతు కావాలంటే ఇదే మేలు, మార్పులు చేసుకుంటూ నేర్చుకోవాలంటే గొట్టమే మేలు.

చదును అద్దం వెనకాల కెమెరా నీటిలో ఇరుకుగా చూస్తుంది. గాలిలో 62 డిగ్రీలు చూసే లెన్స్‌కు నీటిలో దక్కేది 45 డిగ్రీలే. వస్తువు ఉన్న దూరంలో మూడు వంతులకే కనిపిస్తుంది కూడా. మీటరు దూరంలోని చేప స్పష్టంగా రావాలంటే బల్ల మీద 75 సెంటీమీటర్లకు ఫోకస్ పెట్టి, లెన్స్‌ను కదలకుండా అతికించాలి. ఆటోఫోకస్ ఆపేయండి, తేలే రేణువుల వెంట పరుగెడుతుంది.

లైటును కెమెరా పక్కనే బిగిస్తే ఫ్రేమంతా మంచు కురిసినట్టు తెల్లని చుక్కలు. కనీసం 30 నుంచి 50 సెంటీమీటర్లు దూరం జరిపి ఏటవాలుగా పెట్టాలి. ఎరుపు కాంతి చాలా జీవుల్ని అంతగా బెదిరించదు గానీ నీరు దాన్ని త్వరగా మింగేస్తుంది, కొద్ది మీటర్ల మించి పారదు.

కరెంటు లెక్క ముందే వేసుకోవాలి. 18650 రకం లిథియం సెల్స్ మూడు కలిస్తే దాదాపు 35 వాట్-అవర్లు. రాస్ప్‌బెర్రీ పై, కెమెరా కలిసి 2.5 వాట్లు, లైటు 15 వాట్లు తింటే రెండు గంటల్లో ఖాళీ, చలి నీటిలో ఇంకా ముందే. సెకనుకు అర మీటరు చొప్పున దించితే 1500 మీటర్లకు చేరడానికే 50 నిమిషాలు, పైకి మరో 50. కాబట్టి అనుకున్న లోతు చేరాకే లైటు వెలగాలి. ఆ పని ఒత్తిడి సెన్సర్‌ది. చవకగా దొరికే 30 బార్ సెన్సర్ 300 మీటర్ల దాకానే, దాన్ని అంతకంటే లోతుకు పంపితే నీళ్లు వచ్చే దారి మనమే తెరిచినట్టు. రాస్ప్‌బెర్రీ పై జీరో అనే చిన్న మోడల్‌లో గడియారం ఉండదు, పవర్ తీస్తే తేదీ పోతుంది. డీఎస్3231 గడియారపు మాడ్యూల్ ఒకటి పెట్టకపోతే ఏ దృశ్యం ఏ లోతుదో తర్వాత ఎవరూ చెప్పలేరు, అలాంటి వీడియో శాస్త్రానికి పనికిరాదు. జీవుల కొలతలు కావాలంటే 10 సెంటీమీటర్ల ఎడంతో రెండు సమాంతర లేజర్లు తప్పనిసరి.

చాలా కిట్ల సూచనల్లో చివర్న ఎక్కడో పడేసే హెచ్చరిక ఒకటుంది, దాన్ని మొదటి పేజీలో వేయాలి. లోతులో నీళ్లు దూరిన గొట్టం పైకి వచ్చేటప్పుడు ఆ ఒత్తిడిని లోపలే బంధించుకోవచ్చు. తడిసిన లిథియం సెల్స్ కూడా గ్యాస్ వదులుతాయి. అద్దం వెనక చుక్క నీరు కనిపించినా మూతకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. మూతను మనుషుల్లేని వైపుకి తిప్పి ఉంచి, ముందు వెంట్ స్క్రూని (లోపలి ఒత్తిడిని బయటికి వదిలే చిన్న మరను) కొద్దికొద్దిగా వదులు చేసి, గాలి చప్పుడు పూర్తిగా ఆగాకే మూత మీద చెయ్యి వేయాలి. వెంట్ స్క్రూ గానీ, ఒత్తిడి వదిలే వాల్వు గానీ లేని గొట్టం ఎంత చవకగా వచ్చినా కొనొద్దు.