మైసెన్ జాడీనా, డెల్ఫ్ట్ జాడీనా: ఏది మేలు?

బరోక్ కాలపు (17, 18 శతాబ్దాల యూరప్) పూలజాడీ కొనేముందు చాలామంది తిరగేసి ముద్ర చూస్తారు. ముద్రకన్నా ముందు మట్టి చూడండి.

జర్మనీలో 1710లో మొదలైన మైసెన్ కార్ఖానాది అసలు పింగాణీ. కయోలిన్ అనే తెల్లమట్టి దాదాపు 1400 డిగ్రీల్లో కాలి, నీళ్లు పీల్చనంత గట్టిపడుతుంది. హాలండ్‌లోని డెల్ఫ్ట్‌వాళ్లు తమ సరుకునూ పింగాణీ అనే అమ్మారు కానీ, అది మామూలు మట్టి. చైనా జాడీలా కనబడాలని పైన తగరం కలిపిన తెల్లటి గ్లేజు (గాజులాంటి పూత) పట్టించి, నీలం రంగు వేశారు.

జాడీలో టార్చి పెడితే మైసెన్‌లో పలుచని చోట వెలుగు బయటికి తెలుస్తుంది, డెల్ఫ్ట్‌లో తెలియదు. అంచున పెచ్చు లేచిన చోట మైసెన్ లోపల కూడా తెల్లగా ఉంటుంది. డెల్ఫ్ట్‌లో లేత గోధుమరంగు మట్టి బయటపడుతుంది; నీటిచుక్క పడితే ఇంకిపోతుంది. అందుకే పాత డెల్ఫ్ట్ జాడీలో నీళ్లు పోయొద్దు. పెచ్చుల గుండా తడి దిగి, ఆరేటప్పుడు ఉప్పు పేరుకుని గ్లేజును పైకి నెట్టేస్తుంది.

పెద్ద సైజు కావాలంటే మాత్రం డెల్ఫ్టే. మైసెన్ మట్టి బట్టీలో సుమారు ఆరోవంతు కుంచించుకుపోతుంది; జాడీ పెద్దదైతే వంగుతుంది, పగులుతుంది. మైసెన్ కార్ఖానా తనదే అయినా సాక్సనీ పాలకుడు అగస్టస్ 1717లో 600 మంది సైనికులను పొరుగు రాజ్యం ప్రష్యాకు ఇచ్చి, పెద్ద జాడీలతో సహా 151 చైనా పింగాణీ వస్తువులు తెచ్చుకున్నాడు! డెల్ఫ్ట్‌లో 1690లలో ఇంగ్లండ్ రాణి మేరీ కోసం చేసిన ట్యులిప్ జాడీలు మీటరు దాటతాయి. అంతస్తులను విడివిడిగా కాల్చి ఒకదానిమీద ఒకటి పేర్చడంతో అది సాధ్యమైంది.

పనితనంలో మైసెన్‌కు సాటి లేదు. అక్కడి శిల్పి కాండ్లర్ 1739 నుంచి చేయించిన జాడీల మీద తెల్లటి చిన్నచిన్న పూలు ఒక్కొక్కటీ చేత్తో అతికించినవే. విరిగేవీ అవే. అతుకు కనబడకుండా రంగు పూసి అమ్ముతారు. అతినీలలోహిత టార్చి వేస్తే కొత్త రంగు వేరుగా మెరుస్తుంది. అగస్టస్ పేరును సూచించే ఏఆర్ అక్షరాల మైసెన్ ముద్రనూ నమ్మకండి, 19వ శతాబ్దంలో డ్రెస్డెన్‌లో దాన్ని విరివిగా కాపీ కొట్టారు.

ఒకే ధరకు దొరికితే, అతుకులేసిన మైసెన్‌కన్నా అంచు పెచ్చులూడిన డెల్ఫ్టే తీసుకోండి. ఆ మట్టికి పెచ్చులు సహజం, వాటివల్ల విలువ అంతగా పడిపోదు.