వానలో కెమెరా డ్రోన్: పూత మేలా, తొడుగు మేలా, తడికి తట్టుకునే డ్రోనే కొనాలా?

మన భాషలో వానకు పేర్లు ఎన్నో ఉన్నాయి: తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత. కెమెరా డ్రోన్‌ను తడి నుంచి కాపాడుకోవడానికి ఏది మేలని ఎవరైనా అడిగితే నేను ముందుగా తెలుసుకునేది ఒకటే, అది ఏ వానలో ఎగరాలి అని. అయిదు నిమిషాల తుంపరకు సరిపోయే రక్షణ రోజంతా పట్టిన ముసురుకు చాలదు. జడివానకు తట్టుకునే యంత్రం కావాలంటే దాని ఖరీదుకు చిన్న డ్రోన్లు పది వస్తాయి.

మూడేళ్ల కిందట శ్రావణ మాసంలో ఒక పెళ్లికి వీడియో తీస్తున్నాను. గోదావరి గట్టు, ఇరుపక్కలా కొబ్బరి తోటలు, నడుమ పెళ్లికూతురిని తీసుకొచ్చే పల్లకీ. సన్నగా ముసురు పడుతోంది. పెళ్లివారి ముచ్చట చూసి కాదనలేక డ్రోన్ లేపాను. ఏడు నిమిషాలు ఎగిరి చక్కగా దిగింది. తువ్వాలుతో తుడిచి, బ్యాటరీ తీయకుండానే పెట్టెలో పెట్టేశాను. ఇరవై రోజుల తర్వాత స్విచ్ నొక్కితే దీపాలు వెలగలేదు. విప్పి చూస్తే బ్యాటరీ తగిలే పిన్నుల మీద, వాటి వెనకున్న బోర్డు మీద పచ్చటి చిలుము. ఇత్తడి బిందెకు పడుతుందే, అలాంటిదే.

నీళ్లు తగిలితే డ్రోన్ అక్కడికక్కడే కూలిపోతుందని అప్పటిదాకా అనుకునేవాడిని. అదీ జరగవచ్చు. కానీ బోర్డు మీద వెంట్రుకంత ఎడంలో ఉన్న రెండు రాగి గీతల మధ్య తడి చేరి, బ్యాటరీ విద్యుత్తు తోడైతే లోహం కొద్దికొద్దిగా కరిగి చిలుముగా మారుతుంది. ఈ పని పెట్టెలో, మనం చూడనప్పుడు, రోజుల తరబడి సాగుతుంది. అందుకే ఏ రక్షణనైనా నేను రెండు విధాలుగా తూచి చూస్తాను: ఆ పూట డ్రోన్‌ను క్షేమంగా దింపుతుందా, నెల తర్వాత కూడా బతికిస్తుందా.

నీరు ఎక్కడెక్కడ చొరబడుతుందో కూడా తెలియాలి. చాలామంది మోటార్ల గురించి భయపడతారు. నిజానికి బ్రష్‌లెస్ మోటార్లు తడికి అంతగా బెదరవు. తీగచుట్టల మీద ఎనామిల్ పూత ఉంటుంది, రాపిడితో కరెంటు అందించే బ్రష్‌లు అసలే ఉండవు. మంచినీరు పడితే బేరింగులు మెల్లగా తుప్పు పడతాయి, అంతే. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. మడిచే డ్రోన్లలో లోపలి చిప్‌లను చల్లబరచడానికి చిన్న ఫ్యాను గాలి పీలుస్తుంది, ఆ గాలి దారులు తెరిచే ఉంటాయి. బ్యాటరీ కూర్చునే అంచు, మెమరీ కార్డు గాడి, యూఎస్‌బీ రంధ్రం ఉన్నాయి. అన్నిటికంటే సున్నితమైనది గింబల్, కెమెరాను కదలకుండా పట్టే ఆ చిన్న మోటార్ల అమరిక. పలచటి పట్టీ తీగలతో వేలాడే ఆ భాగాన్ని పూతా పూర్తిగా కాపాడలేదు, తొడుగూ కాపాడలేదు.

మొదట పూత సంగతి. సర్క్యూట్ బోర్డుల మీద పలచగా రాసే ఈ రక్షణ పొరను కన్ఫార్మల్ కోటింగ్ అంటారు. ఎక్కువగా దొరికేవి యాక్రిలిక్, సిలికోన్ రకాలు. యాక్రిలిక్ త్వరగా ఆరుతుంది, ద్రావకంతో తుడిస్తే పోతుంది కాబట్టి తర్వాత బోర్డుకు మరమ్మతు చేయడం తేలిక. సిలికోన్ వేడికి బాగా తట్టుకుంటుంది, సాగే గుణం ఉండటంతో అదురుకు పగలదు, కానీ తీయాలంటే శ్రమ. నా ఓటు సిలికోన్‌కే, ఎందుకంటే డ్రోన్ అంటేనే అదురు, వేడి. గోళ్ల రంగు రాస్తే చాలని కొందరు చెబుతారు. ఎండిన గోళ్ల రంగు పెళుసుబారి చిట్లుతుంది, ఆ చిట్లిన సందులోనే తేమ నిలుస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

పూత వేయడంలో ఓపికే సగం పని. ముందు బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. లేకపోతే వేలిముద్రల జిడ్డునూ తేమనూ పూత కిందే బంధించినట్లవుతుంది. మందంగా ఒకసారి కంటే పలచగా రెండుసార్లు మంచిది. ఈ పూతల్లో చాలావాటిలో అతినీలలోహిత కాంతికి మెరిసే రంగు కలిపి ఉంటుంది. నోట్లు పరీక్షించే నీలి టార్చి వేసి చూస్తే ఎక్కడ అంటిందో, ఎక్కడ వదిలేశామో తెలుస్తుంది. ఇక పూత తగలకూడని చోట్లు: కనెక్టర్ల లోపలి పిన్నులు, కార్డు గాడి, బటన్లు, కెమెరా సెన్సర్, మరీ ముఖ్యంగా బారోమీటర్. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే ఆ చిన్న చిప్‌కు సూదిమొనంత రంధ్రం ఉంటుంది. అది పూడుకుపోతే డ్రోన్ ఎత్తు నిలపలేక పైకీ కిందికీ ఊగుతుంది. దాని మీద టేపు అంటించి ఆ తర్వాతే కుంచె పట్టండి.

సొంతంగా కూర్చుకున్న డ్రోన్‌కు ఇంతకు మించిన రక్షణ లేదని గట్టిగా చెబుతాను. అందులో బోర్డులు బయటికే కనిపిస్తాయి, ఏది ఎక్కడుందో చేసినవారికి తెలుసు. కొన్న మడత డ్రోన్ విషయం వేరు. బోర్డు దాకా వెళ్లాలంటే గింబల్ విప్పాలి, దారం లాంటి పట్టీ తీగలు ఊడదీయాలి, వేడిని లోహపు పలకకు చేరవేసే జిగురును కదపాలి. విప్పితే వారంటీ పోతుంది. మామూలు వారంటీ నీటి నష్టానికి ఎలాగూ వర్తించదన్నది నిజమే, అయినా మిగిలిన లోపాలకు ఉన్న భరోసాను చేజేతులా వదులుకోవడం ఎందుకు? డీజేఐ కంపెనీ చిన్న మడత డ్రోన్లయిన కొత్త మినీకో ఎయిర్‌కో పూత వేయించుకోమని నేనెవరికీ చెప్పను. వారంటీ తీరిపోయి, చేయి తిరిగిన మరమ్మతుదారు దగ్గరుంటే ఆలోచించవచ్చు.

రెండోది తొడుగు. డ్రోన్ ఒంటికి అతికినట్టు కుట్టిన, నీరు జారిపోయే పలచటి కోటు. పైనున్న గాలి దారులను, బ్యాటరీ అంచును కప్పి, సెన్సర్లను, కింది గాలి దారులను వదిలేస్తుంది. విప్పే పని లేదు, చినుకు మొదలైతే రెండు నిమిషాల్లో తొడగవచ్చు. నేను ఆ పెళ్లి వీడియో తీసిన నాడు ఇది ఉండి ఉంటే ఆ చిలుము పట్టేది కాదని నమ్ముతున్నాను, నీరు దిగింది బ్యాటరీ అంచు నుంచే కాబట్టి. ఇబ్బంది వేడితో వస్తుంది. తొడుగు వేసి నేల మీద ఆన్‌చేసి కబుర్లు చెబుతూ నిలబడితే లోపల ఉడికిపోతుంది. ఆన్ చేయగానే లేపాలి, రెక్కల గాలే దాన్ని చల్లబరుస్తుంది. కోటు బదులు పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసేవారినీ చూశాను. గాలి దారులు మొత్తం మూసుకుపోతాయి, కవరు కొస రెక్కకు చిక్కితే అంతటితో సరి.

తొడుగు గురించి ఎవరూ చెప్పని మాట మరొకటి ఉంది. మన 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు, అంతకంటే తక్కువ బరువున్నవి నానో తరగతి. మీద మోసే బరువుతో కలిపి చూస్తారు. 249 గ్రాముల డ్రోన్‌కు రెండు గ్రాముల కోటు తొడిగినా అది మైక్రో తరగతిలోకి వెళుతుంది. నానోకు పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. మైక్రోను సరదాకు ఎగరేస్తే అవసరం లేదు గానీ, డబ్బు తీసుకుని పెళ్లి తీస్తే అవసరం. కోటు కొనేముందు త్రాసు చూసుకోండి.

మూడోది తడికి తట్టుకునేలా కర్మాగారంలోనే తయారైన డ్రోన్. ఇక్కడ దుమ్మూ నీరూ ఎంతవరకు ఆగుతాయో చెప్పే ఐపీ రేటింగ్ అంకెలను చదవడం రావాలి. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. రెండో అంకె 3 అయితే పైనుంచి ఏటవాలుగా పడే జల్లుకు, 4 అయితే ఏ వైపు నుంచి చిందినా, 5 అయితే గొట్టంతో చిమ్మినా, 7 అయితే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకోవాలి. డీజేఐ మ్యాట్రిస్ 350 ఆర్‌టీకేకు ఐపీ55 ఉంది, స్వెల్‌ప్రో స్ప్లాష్‌డ్రోన్ 4కు ఐపీ67 ఉంది, అది నీటి మీద వాలి మళ్లీ లేవగలదు. మినీ, ఎయిర్, మావిక్ శ్రేణుల్లో మనం వాడేవాటికి ఏ రేటింగూ లేదు.

అంకె చూసి మురిసిపోకూడదు. ఆ పరీక్ష కొత్త యంత్రం మీద, మంచినీటితో జరుగుతుంది. రబ్బరు అంచులు వాడేకొద్దీ అరుగుతాయి, కాబట్టి ఆ రక్షణ శాశ్వతం కాదు. కెమెరా రేటింగ్ వేరుగా ఉంటుంది: మ్యాట్రిస్‌ది 55 అయినా దానికి తగిలించే జెన్‌మ్యూజ్ హెచ్20ది ఐపీ44. బ్యాటరీలతో కలిపి ఆ డ్రోన్ ఆరున్నర కిలోల దాకా తూగుతుంది, పెళ్లి పందిరి మీద దాన్ని తిప్పడం నాకు సమ్మతం కాదు. పైగా 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిపై మన దేశంలో నిషేధం ఉంది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకే మినహాయింపు. విదేశంలో ఉన్న బంధువు తెచ్చిస్తాడులే అనుకుంటే కుదరదు.

అయితే ఇలాంటి డ్రోన్లు తప్పనిసరైన చోట్లు ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మేడల మీద చిక్కుకున్నవారికి ఆహార పొట్లాలు, నీళ్లు డ్రోన్లతో అందించారు. అటువంటి వేళ వాన తగ్గేదాకా ఆగుదామని ఎవరూ అనలేరు. వరద పనికి, కరెంటు లైన్ల తనిఖీకి కోటు తొడిగిన మినీని పంపడం నా దృష్టిలో బాధ్యతారాహిత్యం.

ఇక వానల పేర్లకు వద్దాం. తుంపర, జల్లు పైనుంచి పడతాయి, కాబట్టి అక్కడ తొడుగు పూత కంటే మేలు, నీటిని లోపలికే రానివ్వదు. మంచు విషయంలో లెక్క తిరగబడుతుంది. వంజంగి, లంబసింగి కొండల మీద మేఘం పక్కగా డ్రోన్ పంపాలని అందరికీ ఆశ. ఒక్క చుక్క కూడా కనిపించదు గానీ, ఫ్యాను ఆ తడి గాలినే లోపలికి పీల్చి చిప్‌ల మీద చేరుస్తుంది. పైన ఎంత కోటు ఉన్నా ఆగదు. అక్కడ పనిచేసేది పూతే. ముసురుకు రెండూ కలిసి ఉంటే కొంత ధైర్యం. జడివానకు రేటింగ్ ఉన్న డ్రోన్ తప్ప మరేదీ వద్దు.

మూడింటిలో ఏది ఎంచుకున్నా లెన్స్ మీద చుక్క పడితే ఆ దృశ్యం పోయినట్టే. అడ్డంకులు పసిగట్టే సెన్సర్ల మీద నీటి బొట్టు నిలిస్తే, ఎదురుగా ఏదో ఉందని భ్రమపడి డ్రోన్ గాల్లోనే ఆగిపోవచ్చు. నది మీద తక్కువ ఎత్తులో కింది సెన్సర్లు అలలను చూసి తడబడతాయి. వానకు ముందు వచ్చే ఈదురుగాలి మరీ ప్రమాదం. మినీ 4 ప్రో తట్టుకోగల గాలి సెకనుకు 10.7 మీటర్లు మాత్రమే, ఉరుముల వాన తెచ్చే క్యుములోనింబస్ మేఘం విడిచే గాలి దాన్ని సునాయాసంగా దాటుతుంది. ఆకాశం నల్లబడి కొబ్బరి మట్టలు ఒకే వైపు వాలుతుంటే నేను కోటు కోసం వెతకను, డ్రోన్ దింపేస్తాను.

నా మడత డ్రోన్‌కు ఇప్పుడు తొడుగే వాడుతున్నాను, అదీ ఎగురుతుండగా చినుకు పడితే క్షేమంగా ఇంటికి చేర్చడానికే. దిగగానే ముందు బ్యాటరీ తీస్తాను, పిన్నులు ఆల్కహాల్‌తో తుడుస్తాను, రెండు రోజులు తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూత బిగించిన డబ్బాలో ఉంచుతాను. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల బియ్యప్పిండి గాలి దారుల్లోకి చేరడమే మిగులుతుంది. సముద్రపు నీరు తగిలితే బ్యాటరీ తీసేసి, వెంటనే డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, ఉప్పు ఆరితే ఇక వదలదు. ఉప్పునీటిలో మునిగిన బ్యాటరీని మాత్రం మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి, ఇంట్లోనూ ఉంచకండి. అది గంటల తర్వాత కూడా అంటుకోగలదు.