నవలాకారుల నోట నవల వినాలంటే: జైపూర్, కోజికోడ్, హైదరాబాద్

సాహిత్యోత్సవం నుంచి తిరిగొచ్చినవాళ్ళ దగ్గర తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. రచయితను చూశారు, మాటలు విన్నారు, నవల మాత్రం రెండు నిమిషాలే చదివాడు. కార్యక్రమ పట్టికను కాస్త జాగ్రత్తగా చూస్తే ఈ సంగతి ముందే తెలిసిపోతుంది. వేదిక మీద నలుగురు రచయితలు, ఒక మోడరేటర్ ఉంటే అది చర్చే. పరిచయాలకు పది నిమిషాలు, ప్రేక్షకుల ప్రశ్నలకు పదిహేను పోతే, మిగిలిన అరగంటలో ఒక్కొక్కరికి ఏడెనిమిది నిమిషాలు దక్కుతాయి. అందులో పుస్తకం తెరిచే తీరిక ఎవరికీ ఉండదు. ఒక్క రచయిత, ఒక్క మోడరేటర్, సెషన్ శీర్షికలోనే కొత్త నవల పేరు ఉన్నాయంటే చదివి వినిపించే అవకాశం ఎక్కువ. పది నిమిషాలు చదివితే నాలుగైదు పేజీలు వినొచ్చు. గొంతు, విరుపు, ఎక్కడ ఆగుతున్నారన్నది పట్టుకోవడానికి అది చాలు.

జైపూర్ సాహిత్యోత్సవం 2006లో మొదలైంది. 2020 వరకు డిగ్గీ ప్యాలెస్‌లో జరిగి, 2022 నుంచి క్లార్క్స్ ఆమేర్ హోటల్ ఆవరణకు మారింది. పాత ట్రావెల్ వ్యాసాలు చూసి గది బుక్ చేసుకునేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. డిగ్గీ ప్యాలెస్ ఊరి మధ్యలో ఉంటుంది, క్లార్క్స్ ఆమేర్ దక్షిణాన జవహర్‌లాల్ నెహ్రూ మార్గ్ మీద ఉంది. హవామహల్ చుట్టుపక్కల హవేలీ హోటళ్ళు చూడముచ్చటగా ఉంటాయి కానీ, పొద్దున పదింటి సెషన్ అందుకోవాలంటే నగర ట్రాఫిక్ అంతా దాటి రావాలి. మెట్రో మానసరోవర్ నుంచి బడీ చౌపడ్ వైపు పోతుంది, ఈ వేదికకు అక్కరకు రాదు. ఉత్సవం కోసమే వెళ్ళేవాళ్ళు మాళవీయనగర్, దుర్గాపుర, టోంక్ రోడ్డు ప్రాంతాల్లో సాదా గది చూసుకోవడం మేలు. సాంగానేర్ విమానాశ్రయం కూడా ఆ వైపే. కోటా, సవాయ్ మాధోపూర్ ఊళ్ళ మీదుగా వచ్చే కొన్ని రైళ్ళు దుర్గాపురలో ఆగుతాయి కాబట్టి టికెట్ తీసేటప్పుడు ఆ స్టేషన్ కూడా చూడండి. జైపూర్ కోటలు చూడాలన్న కోరిక ఉంటే ఉత్సవం అయ్యాక ఒక రోజు పాతనగరానికి మారితే సరి.

జైపూర్ ఉత్సవంలో ఐదు రోజులు, ఒకేసారి నాలుగైదు వేదికల మీద సెషన్లు నడుస్తాయి. ఫ్రంట్ లాన్ పెద్దది, పేరున్నవాళ్ళంతా అక్కడే. నవల వినడానికి మాత్రం అది అంత మంచి చోటు కాదు. జనం వస్తూ పోతూ ఉంటారు, ఫోన్లు పైకి లేస్తాయి, రచయిత కూడా ఆ సందడికి తగ్గట్టు గొంతు పెంచి చదువుతాడు. దర్బార్ హాల్ లాంటి నాలుగు గోడల మధ్య వేదికలో అదే రచయిత అదే పేజీ చదివితే వేరేగా ఉంటుంది. అయితే చిన్న హాలు త్వరగా నిండుతుంది. సెషన్ల మధ్య సాధారణంగా హాలు ఖాళీ చేయించరు కాబట్టి, కావలసిన సెషన్‌కు ముందున్నదానికే వెళ్ళి కూర్చోవడం తెలిసినవాళ్ళు చేసే పని. శని, ఆదివారాల్లో గేటు దగ్గరే చాలా సమయం పోతుంది. వారం మధ్యలో పొద్దుటి సెషన్లు ప్రశాంతం. ఆన్‌లైన్‌లో ముందే పేరు నమోదు చేసుకోవాలి. లాంజ్, భోజనం కలిసిన ఖరీదైన పాస్‌లూ ఉంటాయి. వినడమే పనిగా వెళ్ళేవాళ్ళకు వాటి అవసరం కనిపించదు. జనవరి పొగమంచుకు ఉత్తరాది విమానాలు, రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి, మొదటి సెషన్ రోజునే దిగేలా టికెట్ తీయకండి.

కోజికోడ్‌లో కేరళ సాహిత్యోత్సవం 2016 నుంచి సముద్రతీరంలో జరుగుతోంది. ప్రవేశం ఉచితం. యునెస్కో 2023లో ఈ ఊరిని సాహిత్య నగరంగా గుర్తించింది, మన దేశంలో ఆ గుర్తింపు మొదట వచ్చింది దీనికే. అక్కడి శ్రోతలు నవల చదివి వచ్చి ప్రశ్న అడుగుతారు, ఇది మిగతాచోట్ల అరుదు. చిక్కు భాషతో. సెషన్లలో ఎక్కువ భాగం మలయాళమే కనుక పట్టికలో ఇంగ్లీషువి వేరుగా గుర్తుపెట్టుకుని వెళ్ళాలి. బీచ్ మీద పక్కపక్క డేరాల మైకులు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. పక్క డేరాకు దూరంగా, మధ్య వరుసల్లో కూర్చుంటే కొంత నయం. మధ్యాహ్నం ఉక్కపోత గట్టిగానే ఉంటుంది. బస విషయంలో మాత్రం జైపూర్ కంటే ఇదే సుఖం: రైల్వే స్టేషన్ నుంచి బీచ్‌కు రెండు కిలోమీటర్ల లోపే, ఊరి మధ్యనున్న మానాంచిర చుట్టుపక్కల గది దొరికితే నడిచి పోవచ్చు. సికింద్రాబాద్ నుంచి బయల్దేరే శబరి ఎక్స్‌ప్రెస్ కోజికోడ్ పోదు, పాలక్కాడ్ దాటాక త్రిశూర్ దారి పడుతుంది. పాలక్కాడ్‌లో దిగి మంగళూరు వైపు రైలెక్కాలి. కోస్తా జిల్లాలవాళ్ళు చెన్నై చేరి వెస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే నేరుగా దింపుతుంది.

హైదరాబాద్ సాహిత్యోత్సవం 2010లో మొదలైంది. ఇదీ ఉచితమే, జనవరిలో మూడు రోజులు. వేదిక ఏళ్ళు గడిచేకొద్దీ మారుతూ వచ్చింది కాబట్టి, ఆ ఏడాది ఎక్కడో తేలేదాకా బయటి ఊళ్ళవాళ్ళు గది తీసుకోకూడదు. హైటెక్ సిటీ వైపు పెడితే సికింద్రాబాద్ నుంచి మెట్రో నీలి మార్గం రాయదుర్గం దాకా తీసుకుపోతుంది. తెలుగు నవలాకారులను దగ్గరగా వినాలనుకుంటే ఈ మూడింట్లో సహజంగా ఇదే ముందు.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకు ఒక ముక్క. హే-ఆన్-వైలో 1988 నుంచి జరుగుతున్న ఉత్సవంలో ఒక్కో సెషన్‌కు విడిగా టికెట్ కొనాలి. డబ్బు అవుతుంది కానీ కుర్చీ మనదే. ఆ చిన్న ఊళ్ళో రైల్వే స్టేషన్ లేదు, హెరెఫర్డ్‌లో దిగి బస్సు పట్టుకోవాలి.

ఇక సంతకాలు. మనిషికి అర నిమిషం లెక్కేసినా వందమంది వరుస తరగడానికి యాభై నిమిషాలు పడుతుంది, రచయితకేమో అంత సమయం ఇవ్వరు. ప్రశ్నల సమయంలోనే లేచి వచ్చినవాళ్ళకే సంతకం దక్కుతుంది. అటు ప్రశ్నలు, ఇటు సంతకం, ఏదో ఒకటి వదులుకోవాలి. పుస్తకం ఇంటినుంచే తెచ్చుకోవడం మంచిది. ఉత్సవం దుకాణంలో ఎక్కువగా కొత్త నవలే పెడతారు, రచయిత బాగా చదివాడంటే అది గంటలో అయిపోతుంది. సంతకం చేయాల్సిన పేజీలో మీ పేరు రాసిన చీటీ పెట్టి ఇస్తే పేరులో అక్షరం తప్పు పోదు, వరుసా ఆగదు.

రెండు సెషన్లు ఒకే సమయంలో తగిలితే చిన్న హాలుకు వెళ్ళండి. పెద్ద వేదిక సెషన్లు చాలావరకు తర్వాత యూట్యూబ్‌లోకి వస్తాయి.