గ్రీజు గన్ పక్కన పెట్టి మూడేళ్లు: ప్లాస్టిక్ థ్రస్ట్ వాషర్లతో నా అనుభవం

గుంటూరు దగ్గర ఒక కారం మిల్లులో మెయింటెనెన్స్ నా పని. పల్వరైజర్ (మిర్చిని పొడి చేసే యంత్రం) నుంచి ప్యాకింగ్ వైపు పొడిని తోసే స్క్రూ కన్వేయర్లు నాలుగున్నాయి. స్క్రూ పొడిని ముందుకు తోస్తుంటే షాఫ్ట్ వెనక్కి తన్నుతుంది. ఆ తన్ను కాసుకోవడానికి కాలర్‌కీ (షాఫ్ట్ మీద ఉబ్బెత్తుగా ఉండే లోహపు కట్టు) హౌసింగ్‌కీ (షాఫ్ట్‌ను పట్టుకునే కదలని గూడు) మధ్య థ్రస్ట్ వాషర్ అనే చదునైన రింగు ఉంటుంది. ఇదివరకు గన్‌మెటల్‌వి (ఒక రకం కంచు) వేసేవాళ్లం. గ్రీజు పెట్టకపోతే అరుస్తాయి. పెడితే కారప్పొడి అంటుకుని పచ్చడవుతుంది, ఆ పచ్చడి కాలర్‌ను అరగదీస్తుంది. తినే సరుకులో గ్రీజు పడుతుందేమోనని టెన్షన్ వేరే.

ముందు నైలాన్ రాడ్ కొని లేత్ మీద మేమే తిప్పించాం. పాకెట్‌లో, అంటే హౌసింగ్‌లో వాషర్ కూర్చునే గుంటలో, టైట్‌గా కూర్చోబెట్టాం. వానాకాలం రాగానే తేమ పీల్చి ఉబ్బింది, బయటికి జరిగే చోటు లేక గిన్నెలా వంగింది. తప్పు నైలాన్‌ది కాదు, ఖాళీ వదలని మాదే.

తర్వాత తెప్పించినవి ప్లాస్టిక్‌లో ఘన లూబ్రికెంట్ (గ్రీజు బదులు జారుడునిచ్చే గట్టి పదార్థం) కలిపి అచ్చు పోసిన వాషర్లు. లోపలి వ్యాసం 26, బయటిది 44, మందం 1.5 మిల్లీమీటర్లు. అరిగేకొద్దీ కొత్త లూబ్రికెంట్ పైకి వస్తూ కాలర్ మీద సన్నటి పొరలా పట్టుకుంటుంది. మొదటి రోజుల్లో కాస్త ఎక్కువ అరిగి, ఆ పొర కుదిరాక అరుగుదల తగ్గింది. విప్పినప్పుడు ఆ మరకను కిరోసిన్‌తో శుభ్రంగా తుడిచేసే ఉత్సాహం చూపించకండి. నేను ఒకసారి చూపించాను!

అసలు గుట్టు కాలర్‌లో ఉంది. ఒక కన్వేయర్‌లో మొదటి జత నెలకే పల్చబడింది. చూస్తే కాలర్ మీద లేత్ గీతలు ఆకురాయిలా ఉన్నాయి. గ్రైండింగ్ చేయించి నున్నగా మార్చాక అదే రకం వాషర్ ఏడాది దాటింది. ఇంకోటి, వాషర్‌కున్న చిన్న రంధ్రంలో పిన్ను తప్పకుండా వేయాలి. లేకపోతే అది షాఫ్ట్‌తో పాటు తిరిగి హౌసింగ్ వైపు కూడా అరుగుతుంది.

ధైర్యం వచ్చి 1440 ఆర్‌పీఎమ్ బ్లోయర్‌కీ ఒకటి వేశాను. పూట గడవకముందే కాలిన వాసన. లెక్క వేసి ఉంటే ముందే తెలిసేది. కన్వేయర్ 60 ఆర్‌పీఎమ్ దగ్గర రుద్దే వేగం సెకనుకు 0.11 మీటర్లు. 50 కిలోల తోపుడుకు ఒత్తిడి అర మెగాపాస్కల్. వాషర్ ఎంత తట్టుకుంటుందో ఈ రెండూ గుణించి చూస్తారు, మాకు వచ్చింది 0.055. మా రకానికి కేటలాగ్ ఇచ్చిన హద్దు 0.4. బ్లోయర్‌లో వేగమే 24 రెట్లు. పైగా ప్లాస్టిక్ లోహంలా వేడిని బయటికి పంపలేదు. అక్కడ మళ్లీ బాల్ థ్రస్ట్ బేరింగే పెట్టాం.

వాషర్ మార్చడం కన్నా మా పెద్ద మిస్త్రీ అలవాటు మార్చడమే కష్టమైంది. "గ్రీజు లేకుండా ఇనుము తిరుగుతుందా బాబూ?" అనేవాడు. నేను సెలవు పెట్టిన రోజు నాలుగో కన్వేయర్‌కి గుట్టుగా గ్రీజు కొట్టేవాడు.

ఈసారి మిర్చి సీజన్‌కు ముందు నాలుగూ విప్పి వెర్నియర్‌తో కొలిచాను. మూడు మళ్లీ వేసేశాను. నాలుగోది ఎర్రటి పచ్చడిలో మునిగి ఉంది, మార్చాల్సి వచ్చింది.